చార్టులో లేని మూడు చుక్కలు

ముందు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

పోయిన చలికాలం ఇదే శీర్షికలో నేనొక ఫొటో పెట్టాను. కింద 'కరీంనగర్‌లో మా డాబా మీద నుంచి, ఎన్‌జీసీ 2204' అని రాసుకున్నాను. నల్లటి ఆకాశం, నడుమ గుప్పెడు సగ్గుబియ్యం చల్లినట్టు చుక్కలు. బాగుందని చాలామంది అన్నారు. మా బాపు ఆ ఫొటోను స్టేటస్‌గా పెట్టుకున్నాడు. నేను తీసిన ఫొటో ఆయన స్టేటస్‌లోకి ఎక్కడం అదే మొదటిసారి.

నాలుగు రోజుల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. జగిత్యాల దగ్గరి ఊళ్లో పదో తరగతి చదివే అమ్మాయి. "అన్నా, మీ ఫొటోల ఎడమ దిక్కు ఉన్న మూడు చుక్కలు చార్టుల దొరుకుతలేవు. నేను తప్పు చూస్తున్ననా?" అని అడిగింది. ఫొటో మీద మూడు ఎర్ర సున్నాలు చుట్టి మరీ పంపింది.

ఆమె తప్పు చూడలేదు. ఆ రాత్రే అసలు ఫైళ్లు తెరిచి చూసుకున్నాను. ఆ మూడు చోట్లా చుక్కల్లేవు. గరుకు గరుకుగా నాయిస్ ఉంది, అంతే. చివర్లో ఫొటోను 'శుభ్రం' చేయడానికి ఒక యాప్ వాడాను. అది ఆ గరుకును పట్టుకుని, గుండ్రంగా చేసి, మెరుపు పెట్టి మూడు నక్షత్రాలు తయారుచేసింది. చుక్క ఎలా ఉండాలో దానికి బాగా తెలుసు. అక్కడ ఉందో లేదో దానికి తెలియదు. అడిగే పని నాది. నేను అడగలేదు.

ఫొటో తీసేయమని ఎడిటర్‌గారికి చెప్పాను. బాపుకు మాత్రం చెప్పలేదు. స్టేటస్ ఎలాగూ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది కదా అనుకున్నాను. అది రెండో తప్పు.

అందుకే ఈ చలికాలం అంతా ఒక్క పనే పెట్టుకున్నాను. అదే గుంపును మళ్లీ తీయాలి, యాప్ లేకుండా.

అసలు ఏమిటీ గుంపు? శీతాకాలం రాత్రి దక్షిణం వైపు చూస్తే అన్నిటికన్నా ధగధగలాడే నక్షత్రం ఒకటుంటుంది. అదే సిరియస్, మన పెద్దల లెక్కలో మృగవ్యాధుడు. దానికి పడమరగా, చేయి చాపి మూడు వేళ్లు అడ్డం పెట్టినంత దూరంలో మిర్జాం అనే ఇంకో చుక్క ఉంది. అరబ్బీ పేరు. సిరియస్ కన్నా ముందే ఉదయిస్తుంది కాబట్టి, ముందొచ్చి కబురు చెప్పేవాడని అర్థం. ఆ మిర్జాంకు ఇంకాస్త పడమరగా, కొంచెం కిందికి, రెండు డిగ్రీలు కూడా లేని దూరంలో ఉంటుంది మన ఎన్‌జీసీ 2204. మామూలు కంటికి అక్కడ ఏమీ కనిపించదు.

1785లో విలియం హెర్షెల్ ఇంగ్లండ్‌లో దీన్ని పట్టుకున్నాడు. ఆయన 20 అడుగుల టెలిస్కోపు దగ్గర నిలబడి కనిపించింది అరిచి చెబుతుంటే, చెల్లెలు కారొలైన్ లోపల కూర్చుని టైముతో సహా రాసుకునేది. వాళ్లున్న చోట ఈ గుంపు ఎంత ఎత్తుకు ఎక్కినా నేలకు 20 డిగ్రీలే. అంటే చెట్ల మీద, పొగమంచు లోంచి చూడాలి. మనకేమో ఆదిలాబాద్ వైపు నుంచి దాదాపు 52 డిగ్రీలు, సగం ఆకాశం దాటి పైకి. ఈ ఒక్క విషయంలో మనం హెర్షెల్ కన్నా అదృష్టవంతులం.

ఇలాంటి గుంపుల్ని ఇంగ్లిషులో ఓపెన్ క్లస్టర్లు అంటారు. ఒకే మబ్బులోంచి ఒకేసారి పుట్టిన నక్షత్రాలు. మీకు తెలిసిన వాటిలో పేరున్నది కృత్తిక. మా అవ్వ పిల్లల కోడి అనేది. తల్లి కోడి చుట్టూ పిల్లలు గుమిగూడినట్టు ఉంటుంది కదా! ఆ పిల్లల కోడి వయసు పది కోట్ల ఏళ్లకు అటూఇటూ, దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. ఆకాశం లెక్కల్లో పక్కింటి పసిపిల్లలు.

ఎన్‌జీసీ 2204 అలా కాదు. దూరం దాదాపు 13 వేల కాంతి సంవత్సరాలు. వయసు సుమారు రెండు వందల కోట్ల ఏళ్లు. ఇంత ముసలి గుంపులు అరుదు. ఒకచోట పుట్టిన నక్షత్రాలు కలకాలం కలిసి ఉండవు. పాలపుంతలో తిరుగుతూ, మబ్బుల పక్కనుంచి పోతూ, ఒకటొకటిగా విడిపోతాయి. కొన్ని పదుల కోట్ల ఏళ్లలోనే చాలా గుంపులు చెల్లాచెదురవుతాయి. ఇది మాత్రం పాలపుంత రద్దీకి దూరంగా, దాని పళ్లేనికి మూడు వేల కాంతి సంవత్సరాలకు పైనే కిందుగా ఉంది. అక్కడ తాకిడి తక్కువ. అందుకే ఇన్నాళ్లు నిలిచి ఉండొచ్చు. పెద్ద నక్షత్రాలన్నీ ఎప్పుడో కాలి అయిపోయాయి. ఇప్పుడు అందులో కాస్త వెలిగేవి ఉబ్బిపోయిన ముసలి నక్షత్రాలు, నారింజ రంగువి. ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక కరీంనగర్ నుంచి ఎందుకు కుదరలేదో చెప్పాలి. మా ఇల్లు ఊరికి ఉత్తరాన. అంటే నేను దక్షిణం చూస్తే ఊరంతా నా కళ్లల్లో ఉంటుంది. తెల్లటి ఎల్‌ఈడీ వీధి దీపాలు, ఫంక్షన్ హాళ్ల లైట్లు. చుట్టుపక్కల గ్రానైటు క్వారీలున్న జిల్లా మాది. గాలిలో దుమ్ము ఎంత ఉంటే వెలుతురు అంత చెదురుతుంది. మసక గుంపు వెలుగు ఆకాశం వెలుగుకు కాస్త కలుస్తుంది, అంతే. తెల్ల పంచె మీద పిండి పడితే ఎక్కడ పడిందో ఎలా చెబుతారు? నల్ల గొంగడి మీద అయితే చిటికెడు పడ్డా తెలుస్తుంది. ఊళ్లో ఉండి కూడా ఫొటో తీయొచ్చు, కానీ గంటల కొద్దీ తీయాలి. నేను పోయిన ఏడు ఇరవై నిమిషాలు తీసి, మిగిలింది యాప్ మీద వదిలేశాను.

ఆ అమ్మాయితో మాటలు అక్కడితో ఆగలేదు. "కంప్యూటర్ లేని కాలంల గీ చుక్కలన్నీ ఎవరు లెక్కవెట్టిండ్రు అన్నా?" అని ఇంకో మెసేజ్. జవాబు వెతుకుతూ పోతే నేను తేలింది ఎక్కడో కాదు, మన బేగంపేటలో.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన హైదరాబాద్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. ఇంగ్లండ్ నుంచి టెలిస్కోపులు తెప్పించాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీకి ఇచ్చారు.

అప్పటికి ప్రపంచమంతా ఒక పెద్ద పని నడుస్తోంది. 1887లో పారిస్‌లో కూర్చుని, ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి ఒక్కో నక్షత్రం ఎక్కడుందో కొలిచి పుస్తకంలో ఎక్కిద్దామని నిర్ణయించారు. దాదాపు ఇరవై అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకున్నాయి, పొలం గెట్లు వేసుకున్నట్టు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న వాటా మొదట చిలీలోని శాంటియాగోది. అక్కడ పని సాగలేదు. ఆ వాటా హైదరాబాద్‌కు వచ్చింది.

ఇక్కడ నాకు చిన్న షాక్. ఎన్‌జీసీ 2204 ఉండేది దక్షిణాన పద్దెనిమిదిన్నర డిగ్రీల దగ్గర. అంటే నేను దొంగ చుక్కలు పెట్టిన ఆ ఆకాశం ముక్క మనవాళ్ల వాటాలోదే. వందేళ్ల కిందట దాన్ని ఒక్కో చుక్కా కొలిచింది బేగంపేటలో!

ఎలా కొలిచారంటే, ఎనిమిది అంగుళాల కెమెరా టెలిస్కోపుతో గాజు పలకల మీద ఫొటో తీసేవారు. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం. ఆ లెక్కన నిండు చందమామ మూడు సెంటీమీటర్లు, మన గుంపు దాదాపు ఒక సెంటీమీటరు. పలక మీద ఐదేసి మిల్లీమీటర్ల గళ్లు పడేలా చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్కా గడిలో ఏ మూల ఉందో కంటితో చూసి అంకెలు రాసేవారు. 1914 నుంచి ఈ పని సాగింది. దక్షిణం వాటా అయ్యాక జర్మనీలోని పాట్స్‌డాం పూర్తిచేయలేకపోయిన ఉత్తరం వాటా, 36 నుంచి 39 డిగ్రీలది, అదీ మనవాళ్లే తీసుకున్నారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల లెక్కలు, 12 సంపుటాలు. చాలా ఏళ్లు ఈ పనికి డైరెక్టర్‌గా ఉన్నాయన టి.పి. భాస్కరన్.

ఆ అంకెలు అటక మీద పడి లేవు. ఐరోపా వాళ్ల హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతల్ని ఈ పాత కొలతలతో పోల్చి, నూరేళ్లలో ఏ నక్షత్రం ఎంత జరిగిందో తేల్చారు. 2000లో వచ్చిన టైకో-2 అనే జాబితాలో 25 లక్షల నక్షత్రాల కదలికలు అలా వచ్చినవే. ఉపగ్రహం ఎంత గొప్పదైనా వందేళ్లు వెనక్కి వెళ్లి చూడలేదు కదా. బేగంపేటలో ఎవరో గుమాస్తా నిద్రమత్తులో లేని చుక్క ఒకటి రాసి ఉంటే? లేదా పలక 'అందంగా' లేదని నాలుగు కలిపి ఉంటే? ఇది తలుచుకున్నప్పుడే నాకు ఆ మూడు ఎర్ర సున్నాలు నిజంగా గుచ్చుకున్నాయి.

ఒక మాట కూడా చెప్పాలి. వాళ్లు పెట్టుకున్న హద్దు సుమారు 11వ తరగతి వెలుగు దాకా. మన గుంపులో బాగా వెలిగే నక్షత్రాలు కూడా దాదాపు 13వ తరగతివి. అంకె పెరిగే కొద్దీ మసక అన్నమాట. అంటే వాళ్లు ఆ చోటును కొలిచారు గానీ, గుంపులోని చుక్కలు ఎక్కువ భాగం ఆ హద్దుకు ఇవతలే మిగిలిపోయాయి. కనిపించనివి రాయలేదు. అంతే.

సరే, ఇప్పుడు ఆదిలాబాద్ పోదాం.

మా మేనమామది ఉట్నూరుకు ఇవతల, కవ్వాల్ అడవి అంచున చిన్న ఊరు. పుష్య అమావాస్యకు వస్తున్నానని ఫోన్ చేస్తే నాగోబా జాతరకు అనుకున్నాడు. కేస్లాపూర్‌లో మెస్రం వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెచ్చి అభిషేకం చేసే రాత్రి అదే. నాకు కావలసింది అదే రాత్రి, కారణం మాత్రం వేరు. చంద్రుడు ఉండడు, చలికి గాలి తేటగా ఉంటుంది, పదిన్నరకల్లా గుంపు నడినెత్తికి సగం పైకి వస్తుంది.

"జాతర ఇడిసిపెట్టి చుక్కలు సూడవోతవా అల్లుడా?" అన్నాడు మామ. పొద్దున జాతర, రాత్రి చుక్కలు అని ఒప్పందం చేసుకున్నాం.

ధర్మపురి దాటి రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా కారులో వెళ్లాను. వెనక సీటు నిండా సామాను: ఆరంగుళాల టెలిస్కోపు, దాన్ని భూమి తిరిగే తీరుకు ఎదురు తిప్పే మోటారు స్టాండు, సెకండ్‌హ్యాండ్ కెమెరా, ఇన్వర్టర్ బ్యాటరీ, అమ్మ పెట్టిన సకినాలు. జన్నారం దాటాక అడవి మొదలైంది. చీకటి పడకముందే దాటేయమని మామ రెండుసార్లు ఫోన్ చేశాడు. పులి భయం అక్కడ ఉత్త ముచ్చట కాదు, చలికాలంలో పత్తి ఏరేవాళ్లు గుంపులుగానే చేనుకు పోతారు. అందుకే టెలిస్కోపు చేను మధ్యలో పెడతానంటే మామ ఒప్పుకోలేదు. ఇంటి వెనక, పత్తి కట్టె పీకేసిన చిన్న చెలకలో పెట్టాం.

మొదటి చిక్కు ధ్రువ నక్షత్రం. స్టాండు సరిగ్గా తిరగాలంటే దాని ఇరుసు ధ్రువుడి వైపు చూడాలి. పుస్తకాలు రాసిన దేశాల్లో ధ్రువుడు సగం ఆకాశంలో ఉంటాడు. మనకు నేల నుంచి 19 డిగ్రీలే. అక్కడ సరిగ్గా ఒక ఇప్ప చెట్టు. కొట్టేద్దామా అన్నాడు మామ, నవ్వకుండా. ఇప్ప చెట్టును ఎవరూ కొట్టరని ఇద్దరికీ తెలుసు. నలభై కిలోల సామాను పదడుగులు పక్కకు జరిపాం.

తొమ్మిదిన్నర. లైట్లన్నీ ఆర్పించాను. ఫోన్లు ఇంట్లో పెట్టించాను. కన్ను చీకటికి అలవాటు పడాలంటే అరగంట పడుతుంది. నోటిఫికేషన్ ఒక్కటి వెలిగితే మళ్లీ మొదటికి వస్తుంది. వాయవ్యాన జాతర వెలుగు సన్నగా కనిపిస్తోంది. తలెత్తితే, ఏం చెప్పను! కరీంనగర్‌లో నేను వేళ్ల మీద లెక్కపెట్టే ఆకాశం ఇదేనా అనిపించింది. సిరియస్ పక్క నుంచి పాలపుంత పొగలా దిగుతోంది.

ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. ముందు కంటితో చూడాలి, చూసింది పెన్సిల్‌తో గీయాలి, ఆ తర్వాతే కెమెరా. ఫొటో చూశాక కన్ను అబద్ధం ఆడుతుంది. ఫొటోలో చూసిందే మళ్లీ చూశాననుకుంటుంది.

మిర్జాంను పెట్టి, మెల్లగా పడమరకు, కొంచెం దక్షిణానికి జరిపాను. ముప్ఫై రెట్ల పెద్దది చేసే కటకం. మొదట ఏమీ లేదు. మామూలు చుక్కలు నాలుగైదు, నడుమ ఖాళీ. నేరుగా చూడటం మానేసి కాస్త పక్కకు చూశాను. ఇది కిటుకు. కంటి నడిమి భాగం రంగులకు, సన్నటి వివరాలకు బాగా పనిచేస్తుంది, చీకట్లో మాత్రం దాని చుట్టుపక్కల భాగమే నయం. పక్కకు చూసేసరికి ఏదో ఉంది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే ఆవిరంత. నేరుగా చూస్తే మాయం.

ఉందా? నేనే ఉందనుకుంటున్నానా? పోయిన ఏడాది దెబ్బ తిన్నవాణ్ని కదా, నా కన్నును నేనే నమ్మలేదు.

మామను పిలిచాను. ఏం చూడాలో చెప్పలేదు. "పక్కకు చూడు మామా, ఏమన్న కనిపిస్తే చెప్పు" అన్నాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు. నడుం నొప్పి అని తిట్టుకున్నాడు. అత్తమ్మను పీట తెమ్మని అరిచాడు. పీట మీద కూర్చుని మళ్లీ చూశాడు.

"నడుమల పొగ లెక్క ఉన్నది."

నేనేమీ అనలేదు. టెలిస్కోపును ఒక డిగ్రీ పక్కకు, ఖాళీ చోటికి జరిపాను. "ఇప్పుడు?"

"గీడ ఏం లేదు. చుక్కలే."

ఇంకో వైపుకు జరిపాను. "ఇక్కడ?"

"లేదు. ఏందిరా, నాకు పరీక్ష పెడ్తున్నవా?"

తిరిగి గుంపు మీదికి తెచ్చాను. చూసిన వెంటనే, "ఆ, వచ్చింది. గదే పొగ" అన్నాడు.

అరవై ఐదేళ్ల మనిషి, మోతియాబిందు ఆపరేషన్ అయిన కన్ను. నాలుగు సార్లు అడిగితే నాలుగు సార్లూ సరిగ్గా చెప్పాడు. నాకు చలిలో కూడా చెమట పట్టినంత పని అయింది. ఆ పొగ అక్కడుంది. 13 వేల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు మామ కంట్లో పడింది.

రెట్లు పెంచి 75 చేశాను. పొగ చాలావరకు పోయింది, ఇసుక రేణువుల్లా మూడు నాలుగు చుక్కలు ఒకసారి కనిపించి ఒకసారి పోతున్నాయి. ఎర్ర గుడ్డ కట్టిన టార్చి వెలుగులో గీశాను. కచ్చితంగా కనిపించిన వాటికి చుక్క, అనుమానం ఉన్నవాటికి ప్రశ్న గుర్తు. నా బొమ్మలో చుక్కలు ఏడు, ప్రశ్న గుర్తులు ఐదు.

తర్వాత కెమెరా. ఒక్కో ఫొటో ముప్ఫై సెకన్లు, ఐఎస్‌ఓ 1600. మొత్తం 110 తీశాను. అన్నీ దక్కలేదు. అవతలి చేనులో మంచె మీద కాపలా ఉన్న రైతు అడవి పందులనుకుని మా వైపు పెద్ద లైటు కొట్టాడు. మామ అరుపు, ఆయన అరుపు, "చుక్కల ఫొటో దీస్తున్నం" అని మామ, "ఏం దీస్తున్నరు?" అని ఆయన. ఆ గొడవలో ఆరు ఫొటోలు తెల్లబోయాయి. గాలికి కొన్ని కదిలాయి. ఒంటిగంటకు అద్దం మీద మంచు పట్టింది. అత్తమ్మ హెయిర్ డ్రయ్యర్ తెచ్చేలోపు ఇంకో పది పోయాయి. ఎనిమిది డిగ్రీల చలిలో హెయిర్ డ్రయ్యర్‌తో టెలిస్కోపును ఎండబెడుతున్న నన్ను చూసి అత్తమ్మ ఏమనుకుందో ఇప్పటికీ అడగలేదు.

మిగిలినవి 84. అంటే 42 నిమిషాలు. వీటిని ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తారు. నక్షత్రం ప్రతి ఫొటోలో ఒకేచోట ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. నాయిస్ ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది కాబట్టి అరుగుతుంది. ఎంత అరుగుతుందంటే, ఫొటోల సంఖ్యకు వర్గమూలం అంత. 84కి తొమ్మిది రెట్లు. ఇంకా రెట్టింపు తేట కావాలంటే రెట్టింపు కాదు, నాలుగింతలు తీయాలి. కష్టమంతా ఈ లెక్కలోనే ఉంది, యాప్‌లు అమ్ముడుపోయేదీ ఇక్కడే. పేర్చడానికి సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. వెలుగు నీడలు సరిచేశాను, రంగు సరిచూశాను. ఇంకేమీ ముట్టుకోలేదు.

వచ్చిన ఫొటో పోయిన ఏడాదిదానంత అందంగా లేదు. మూలలు కాస్త సాగాయి, గరుకు ఉంది. కానీ నడుమ సన్న చుక్కల తుంపర, అందులో కొన్ని లేత నారింజ రంగులో. పైన గుర్తుంచుకోమన్న ముసలి నక్షత్రాలు అవే. పాత ఫొటోలో చుక్కలన్నీ మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఎడిటర్‌గారి కన్నా ముందు దాన్ని ఆ అమ్మాయికి పంపాను. "చూడు చెల్లే, ఈసారి ఏమన్నా దొరుకుతయేమో" అన్నాను. ఆమె దగ్గర టెలిస్కోపు లేదు. ఉన్నది వాళ్ల నాన్న ఫోను. అందులో బ్రౌజర్‌లో అలాదిన్ అనే ఆకాశ పటం తెరుస్తుంది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వాళ్లది, ఉచితం. పెద్ద టెలిస్కోపులు తీసిన ఫొటోల మీద గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల్ని పెట్టి చూపిస్తుంది. మీరూ ఈ రాత్రి చూడొచ్చు, ఎన్‌జీసీ 2204 అని కొడితే చాలు.

వారం పట్టింది. ఆదివారం రాత్రి జవాబు వచ్చింది. నడిమి భాగంలో కాస్త వెలుగున్న చుక్కలు 61 లెక్కపెట్టింది. నోటుబుక్కులో గళ్లు గీసి ఒక్కోదానికి నంబరు వేసింది. గళ్ల సంగతి నేను చెప్పలేదు, తనే అలా చేసుకుంది. 60 సరిపోయాయి. "43వ నంబర్ లేదన్నా."

గుండె జారింది. యాప్ వాడలేదే! ఫొటోల్ని రెండు సగాలు చేసి విడివిడిగా పేర్చి చూశాను. నక్షత్రాలు స్టాండు చిన్న లోపం వల్ల రాత్రంతా కెమెరాలో మెల్లగా జరుగుతూ వచ్చాయి. 43 మాత్రం కెమెరాలో ఉన్నచోటే ఉంది. అంటే అది ఆకాశంలోది కాదు, కెమెరాలో చెడిపోయిన ఒక పిక్సెల్. మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు సరిపడా తీయలేదు, చలికి బద్ధకించాను. ఉన్న కొద్దిపాటివి దాన్ని పూర్తిగా తీసేయలేకపోయాయి.

దాన్ని తుడిచేయడం ఒక్క క్లిక్కు. తుడవలేదు. కింది ఫొటోలో సున్నా చుట్టి ఉన్నది అదే. ఇంకో సంగతి, మిగిలిన 60లో అన్నీ గుంపువే కావు. కొన్ని మనకూ దానికీ నడుమ దారిలో ఉన్నవి, ఫొటోలో అడ్డొచ్చినవి. ఏది ఇంటిది, ఏది దారినపోయేది అన్నది గయా కొలిచిన దూరాలు, కదలికలు చూసి విడదీయాలి. ఆ పని ఇప్పుడు ఆమె చేస్తోంది. పరీక్షలయ్యాక చేయమన్నాను. వినలేదు.

బాపుకు కూడా చెప్పాను, మూడు చుక్కల కథ మొత్తం. "మరి పోయినేడు అందరికి చూపెట్టిన గదరా" అన్నాడు. తర్వాత కొత్త ఫొటో అడిగి తీసుకున్నాడు. సున్నాతో సహా స్టేటస్ పెట్టాడు. కింద ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు.

టెలిస్కోపు లేనివాళ్లకు ఒక మాట. మామూలు బైనాక్యులర్ ఉంటే సిరియస్‌కు నాలుగు డిగ్రీలు కింద ఎం41 అనే గుంపు చూడండి, అదీ బేగంపేట వాటాలోదే, చాలా సులువు. ఏదీ లేకపోతే పుష్యమి. కర్కాటకంలో మసకగా ఉండే ఆ మచ్చ కూడా గుంపే. గెలీలియో టెలిస్కోపు తిప్పితే నలభైకి పైగా చుక్కలు తేలాయి. ఊరి లైట్లు దాటి పది కిలోమీటర్లు పోతే మామూలు కంటికే దొరుకుతుంది.

మొన్న శివరాత్రికి మళ్లీ మామ ఊరు వెళ్లాను. అమావాస్యకు ముందు రాత్రి, పైగా జాగారం, ఎవరూ పడుకోమనరు. ఫొటో పెద్దగా ప్రింట్ వేయించి తీసుకెళ్లాను. మామ దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నేను జూసింది గిట్ల లేకుండె అల్లుడా."

"కెమెరా చాలాసేపు వెలుగు పోగేస్తది మామా, కన్ను అట్ల పోగేయదు కదా..."

"గది సరే. నేను జూసింది పొగ."

సంచిలోంచి పెన్సిల్ బొమ్మ తీసి ఇచ్చాను, ఏడు చుక్కలు, ఐదు ప్రశ్న గుర్తులు, చుట్టూ వేలితో రుద్దిన మసక. "ఆ, గిది" అన్నాడు. ప్రింటు నాకిచ్చేసి బొమ్మ ఉంచుకున్నాడు. అందుకే కింద ఫొటో మాత్రమే ఉంది, బొమ్మ లేదు.

ఎనిమిదిన్నరకు గుంపు దక్షిణాన పైకి వచ్చింది. పీట తనే తెచ్చుకున్నాడు.